సంపెంగకు మూడడుగులు

మూడడుగులతో వామనుడు ముల్లోకాలను కొలిచాడు. ఇంటికీ ప్రహరీకీ మధ్య మా మేస్త్రీ వదిలిన మూడడుగుల్లో ఒక్క సంపెంగ పట్టదా అనుకున్నాను. బెంగళూరులో ముప్పై బై నలభై అడుగుల సైటున్న మనిషికి ఆ మాత్రం పురాణజ్ఞానం అవసరం.

ఈ ఊరికి చెట్ల విషయంలో గొప్ప సంప్రదాయమే ఉంది. 1908లో లాల్‌బాగ్ పెత్తనానికి వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొకటి అందుకునేలా వీధులకు చెట్లు ఎంపిక చేశాడు. ఇప్పుడా సేవను బిల్డర్లు కొనసాగిస్తున్నారు. సంపెంగను కొట్టేసి, కట్టిన భవనానికి దాని పేరే పెడుతున్నారు. పేరైతే ఆకులు రాల్చదు కదా.

గింజ మొలక పూయడానికి ఏడెనిమిదేళ్లయినా పడుతుందనీ, అంటుమొక్క రెండు మూడేళ్లకే పూస్తుందనీ నర్సరీ ఆయన చెప్పాడు. "ఇంటి అప్పు తీరడానికి ఇంకా పదిహేనేళ్లుంది, గింజదే నయం, తొందరేముంది?" అంది మా ఆవిడ. నేను అంటుమొక్కే తెచ్చాను. లోతైన మట్టి కావాలట, మొదలు దగ్గర నీరు నిలవకూడదట, అడవిలో ముప్పై మీటర్లు కూడా ఎదుగుతుందట. మాకు మంజూరైన ప్లాను రెండంతస్తులకే. ఆ సంగతి చెట్టుకు ఇంకా చెప్పలేదు.

మూడో ఏడు పూసింది. సంపెంగ మీద తుమ్మెద వాలదని మన కవులు తెగ బాధపడ్డారు. మా సంపెంగకు ఆ దిగులు లేదు. ఆకుపచ్చ మచ్చల సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టింది, పురుగులు లేతాకులు కొరికాయి, పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు.

ఆయన న్యాయశాస్త్రం సులభం. గోడకు అవతల పడిన పువ్వు ప్రసాదం, ఆకు నా నేరం. "వాసన వరకు ఉంచుకుని ఆకులు తీయించెయ్యరాదా, మాస్టారూ?" అన్నాడొక ఆదివారం. చివరికి కొట్టించెయ్యమన్నాడు. సొంత పెరటి చెట్టయినా అనుమతి లేకుండా కొట్టడానికి వీల్లేదు, 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉందన్నాను. దరఖాస్తు తానే రాసిస్తానన్నాడు. నాలుగు నెలలయింది, రాయలేదు. ఈ మధ్య కొమ్మలు గోడ దాటి, మధ్యాహ్నపు నీడ సరిగ్గా ఆయన కారు మీద పడుతోంది.

మా కారు ఎండలోనే ఉంది.