ఫైబ్రోస్కాన్ అంకె సరే, ప్లేట్‌లెట్లు ఎన్ని?

లివర్ జబ్బు ముదిరిన మనిషి ఉన్నట్టుండి రక్తం కక్కుకుంటే, ఇంట్లోవాళ్లు మొదట అనే మాట "రక్తం పల్చబడిపోయింది" అని. చాలావరకు అసలు సంగతి అది కాదు, పీడనం. పేగుల నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిరలోంచి లివర్‌లోకి పోవాలి. లివర్ గట్టిపడితే ఆ దారి ఇరుకవుతుంది. విశాఖలో గెడ్డ పూడిపోతే వాననీళ్లు పక్క వీధుల్లోకి తన్నుకొస్తాయి చూడండి, అలాగే ఆ రక్తం అన్నవాహికలోని సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి, ఏదో ఒకరోజు పగులుతాయి. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ రిపోర్టులో ఈ ప్రమాదం కనబడదు.

ఆ సిరల్ని కళ్లారా చూడాలంటే ఎండోస్కోపీ చేయాలి. గొంతులో గొట్టం అనగానే జనం జంకుతారు. పాడేరు నుంచో పలాస నుంచో విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చేవాళ్లకైతే ఒకరోజు కూలి, తోడొచ్చిన మనిషి ఖర్చు అదనం. ఫైబ్రోస్కాన్ పనికొచ్చేది ఇక్కడే. పక్కటెముకల మధ్య ప్రోబ్ ఆనించి చిన్నగా తడతారు. ఆ అదురు లివర్‌లో ఎంత వేగంగా పాకుతోందో అల్ట్రాసౌండ్ కొలుస్తుంది. లివర్ ఎంత గట్టిదైతే అంత వేగం. ఆ లెక్కే కిలోపాస్కల్స్‌లో చేతికొస్తుంది.

ఈ పోర్టల్ సిర పీడనం మీద సలహాలిచ్చే బవెనో అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో ఒక వెసులుబాటు ఇచ్చింది: స్కాన్ అంకె 20 లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఇప్పటికి ఎండోస్కోపీ అక్కర్లేదు, ఏటా రెండూ చూసుకుంటే చాలు. 2021లో ఇంకో మాట చేర్చింది. 25, ఆపైన వస్తే పీడనం ప్రమాద స్థాయికి చేరినట్టే లెక్క. కార్వెడిలాల్ లాంటి పాత బీపీ మాత్ర గురించి డాక్టరు ఆలోచించాలి. బాగా లావుగా ఉండే ఫ్యాటీ లివర్ వాళ్లకు మాత్రం ఈ 25 అంత నమ్మకంగా పనిచేయదు.

నా పేచీ అంతా ప్లేట్‌లెట్ల దగ్గరే. స్కాన్ చేసి, అంకె ఉన్న కాగితం చేతిలో పెట్టి పంపేస్తే అది సగం పరీక్షే. పీడనం పెరిగితే ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి. అందుకే 18 వచ్చిన ఇద్దరిలో ప్లేట్‌లెట్లు 2 లక్షలున్న మనిషి ఇంటికెళ్లొచ్చు, 90 వేలున్న మనిషికి ఎండోస్కోపీ తప్పదు. దీనికి కావాల్సింది మామూలు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష. పెద్ద మిషన్ దగ్గర కూర్చున్నాక చిన్న రక్తపరీక్ష మర్చిపోవడం మనకు అలవాటేమో!

ఇడ్లీ తిని వెళ్లి స్కాన్‌కి పడుకుంటే అంకె పెరిగిపోతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. కామెర్లు బాగా ఉన్నప్పుడూ అంతే, గట్టిదనం ఎక్కువగా చూపిస్తుంది. కడుపులో నీరు చేరినవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్లు నేరుగా ఎండోస్కోపీ గదికే వెళ్లాలి.