సవరణ: పాత కారు రేడియేటర్‌లో బోరునీళ్లు చాలవు

పాత కారును తక్కువ ఖర్చుతో నడుపుకోవడం గురించి రాసిన పోస్టులో, అనంతపురంలో నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండదు కనుక కూలెంట్ దండగనీ, రేడియేటర్‌లో బోరునీళ్లు పోస్తే చాలనీ రాశాను. అది తప్పు. కారు మాన్యువల్ చదివి, రేడియేటర్లు బాగుచేసే మెకానిక్‌ను అడిగి ఈ సవరణ రాస్తున్నాను.

కూలెంట్ పని చలిని తట్టుకోవడం ఒక్కటే కాదు. నీళ్లూ, కూలెంట్‌లో ముఖ్య ద్రవమైన ఇథిలీన్ గ్లైకాలూ సగం సగం కలిపితే ఆ మిశ్రమం మరిగే వేడి 100 డిగ్రీలను దాటుతుంది, కనుక మన ఎండలకే దాని అవసరం ఎక్కువ. పైగా అందులోని రసాయనాలు ఇంజన్ లోపలి లోహాన్ని తుప్పు నుంచి కాపాడతాయి. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మాత్రం హీటర్ కాయిల్ మీద పేరుకున్నట్టే రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. మెకానిక్ విప్పి చూపించిన ఒక పాత రేడియేటర్‌లో సగం గొట్టాలు తెల్లటి పెచ్చుతో, తుప్పు మడ్డితో మూసుకుపోయి ఉన్నాయి.

చిక్కటి కూలెంట్ కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపాలి. కలిపి అమ్మేదాన్ని అలాగే పోయాలి. దారిలో ఇబ్బంది వస్తే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి మామూలు నీళ్లు పోసుకోవచ్చు, కానీ ఊరు చేరగానే వాటిని తీయించి కూలెంట్ నింపించాలి.