తేలుకుంచి కొంగలు సైబీరియావి కావు

వానలు పట్టాయంటే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చెట్టు చెట్టుకీ కొంగలే. ఎవరిని అడిగినా 'సైబీరియా పక్షులండీ' అంటారు. బళ్లో మాస్టారూ అదే చెబుతారు, పత్రికలూ ఏటా అదే రాస్తాయి. అది తప్పు. ఓపెన్‌బిల్ స్టార్క్ అనే ఈ కొంగ మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ బతికేది. సైబీరియా మొహం కూడా చూడదు. గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేది ఈ ఊరి చెట్ల మీదే. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని పరదేశి అంటామా?

మన పర్యావరణ విద్య ఎలా ఏడుస్తోందో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు. పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా నేర్పాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి పుస్తకాలకు లోటు లేదు. జూన్ 5 వస్తే ఒక మొక్క, ఒక ఫొటో, ఒక ర్యాలీ. ఆ మొక్క పేరేమిటని పిల్లల్ని అడగండి (మాస్టారిని అడిగితే బాగుండదు). నేననేది ఒక్కటే. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఓజోన్ పొర, గ్లోబల్ వార్మింగ్ వద్దు. ఊళ్లో ఉన్నవాటిని చూడనివ్వండి, వాటి పేర్లు చెప్పండి.

పోయినేడు తేలుకుంచిలో ఒకటో తరగతి పిల్లాడొకడు నా పక్కన నిలబడి 'దీని ముక్కు మూసుకోదేటి తాతా?' అన్నాడు. నిజమే, పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని పట్టి గుల్లలోంచి మాంసం లాగే ముక్కు అది. కాసేపు గూళ్ల వంక చూసి, 'పిల్లలకి లేదు' అన్నాడు. అదీ నిజమే. ఆ సందు పెరిగేకొద్దీ వస్తుంది. నేను అరవై దాటాక చదివి తెలుసుకున్న సంగతి వాడు మెడెత్తి చూసి పట్టేశాడు! ఈలోగా మాస్టారు అందర్నీ లైన్‌లో నిలబెట్టి 'సేవ్ బర్డ్స్' అని మూడుసార్లు అరిపించారు.

టీచర్లకు యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికే టైం చాలదని, బయట తిప్పితే పామో పుట్రో అని తల్లిదండ్రులకు టెన్షనని అంటారు. కాదనను. కానీ బడి గోడ వారన చీమలబారు చూడ్డానికి బస్సు కట్టించక్కర్లేదు కదా.

పేర్లదేముంది అనుకోకండి. గెడ్డ, బంద, తంపర, బీల. మన ఉత్తరాంధ్రలో నీళ్లు నిలిచే చోటుకో పేరు, పారే చోటుకో పేరు. సోంపేట దగ్గర బీలను, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలను, థర్మల్ ప్లాంటు కోసం పనికిరాని నేలగా చూపించారు. అందులో చేపలు పట్టి, ఆ నీళ్లతో పైరు పండించినవాళ్లకు అది బీల. ప్లాంటు వద్దని వాళ్లు అడ్డుపడితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. అలా అడ్డుపడ్డవాళ్లెవరూ పర్యావరణం సబ్జెక్టులో మార్కులు తెచ్చుకున్నవాళ్లు కారు. బీల అంటే ఏమిటో చిన్నప్పుడే మోకాలిలోతు దిగి తెలుసుకున్నవాళ్లు.

మా మనవరాలు యూకేజీ. ఐ ఫర్ ఇగ్లూ, బొమ్మ కూడా వేస్తుంది. మొన్న 'బీల అంటే ఏంటమ్మా?' అని అడిగాను. కాసేపు ఆలోచించి 'బి ఫర్ బాల్' అంది.