ఆ ఖాళీ బ్రాకెట్ల సంగతి డాక్స్‌లో ఎవరు రాస్తారు?

డాక్యుమెంటేషన్ అంటే "ఈ కమాండ్ కొడితే ఇది వస్తుంది" అని రాసేసి చేతులు దులుపుకోవడం అనుకునేవాళ్ల కోసం ఈ పోస్ట్. ముఖ్యంగా ఏఐ ఏజెంట్ల (మన తరఫున తామే పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్‌ల) ఆడిట్ లాగ్స్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు, తెచ్చిపెట్టే టూల్స్‌కి డాక్స్ రాసేవాళ్ల కోసం. నేనూ ఆ బాపతే కాబట్టి ఎవరూ ఫీలవ్వకండి.

ఆమధ్య ఏమైందంటే, అర్ధరాత్రి దాటాక రన్ అయిన ఒక ఏజెంట్ కొన్ని కస్టమర్ రికార్డులు మార్చేసిందని అనుమానం వచ్చింది. పొద్దున్నే మా టీమ్‌లో ఒకరు టూల్‌కి ఏజెంట్ ఐడీ, తేదీ ఇచ్చి ఎంటర్ కొట్టారు. స్క్రీన్ మీద రెండు చదరపు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు. ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు. "ఏజెంట్ ఏమీ చేయలేదు" అని టికెట్‌లో రాసి మూసేశాం. రెండు రోజులయ్యాక తెలిసింది, టూల్ తేదీని యూటీసీలో (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) లెక్కేస్తోందట. మాకు తెల్లవారుజాము అయిన గంటల్ని అది ముందు రోజు ఖాతాలో వేసుకుంది. టైమ్ సరిచేసి అదే కమాండ్ కొడితే 14 అప్‌డేట్లు వరసగా వచ్చిపడ్డాయి.

ఆ డాక్స్ రాసింది నేనే. "స్టార్ట్ టైమ్: వెతకడం మొదలుపెట్టాల్సిన సమయం" అని రాశాను. పేరునే తిప్పి రాస్తే అది వివరణ అవుతుందా? ఏ టైమ్‌జోన్, తేదీ ఒక్కటే ఇస్తే ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అన్నది ఒక్క ముక్క లేదు.

అప్పట్నుంచీ నాదొకటే గోల. ఆడిట్ లాగ్ టూల్ ఏం ఇస్తుందో రాయడం కన్నా, ఏమీ ఇవ్వనప్పుడు దాని అర్థమేంటో రాయడం ముఖ్యం. ఖాళీ జవాబు వచ్చిందంటే నిజంగా ఏమీ జరగకపోయి ఉండొచ్చు. లేదా చూసేవాడికి ఆ ప్రాజెక్టు మీద పర్మిషన్ లేక టూల్ చప్పుడు చేయకుండా వడగట్టేసి ఉండొచ్చు. ఈవెంట్ (లాగ్‌లో పడే ఒక్కో పని) ఇంకా లాగ్ స్టోర్‌కి చేరకపోయి ఉండొచ్చు, గడువు దాటి చెరిగిపోయి ఉండొచ్చు. అన్నిటికీ అవే రెండు బ్రాకెట్లు!

ఇదేం కొత్త విద్య కాదు. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో ఎవరేం చేశారో రికార్డు చేసే క్లౌడ్‌ట్రెయిల్ డాక్స్ చూడండి. ఈవెంట్ హిస్టరీలో 90 రోజులే ఉంటాయని, వాటిని వెతికిపెట్టే లుకప్ ఏపీఐ ఒక్కోసారికి 50 ఈవెంట్లకు మించి ఇవ్వదని, లాగ్స్ చేరడానికి సగటున 5 నిమిషాలు పడుతుందని, దానికీ గ్యారంటీ లేదని రాసి ఉంటుంది. మనిషి రోజంతా చేసే క్లిక్కుల్ని ఏజెంట్ కొన్ని నిమిషాల్లో చేసేస్తుంది. కాబట్టి మొదట వచ్చిన 50 చూసి "అంతే కాబోలు" అనుకునే ప్రమాదం ఇక్కడ ఇంకా ఎక్కువ. పైగా యూరప్ ఏఐ చట్టం హైరిస్క్ సిస్టమ్‌ల లాగ్స్ కనీసం 6 నెలలు దాచమంటోంది. మీ టూల్‌కి 90 రోజులే అందితే మిగతావి ఎక్కడ వెతకాలో మీ డాక్స్ పేజీలోనే చెప్పాలి కదా.

ఇంకో తలనొప్పి, "ఎవరు చేశారు" అన్న ఫీల్డ్. ఏజెంట్ వాడేది ఎవరో యూజర్ టోకెన్ (లాగిన్‌కి బదులు పనిచేసే డిజిటల్ తాళం). లాగ్‌లో పడేది ఆ యూజర్ పేరు. పాపం, అతను ఆ టైమ్‌లో నిద్రపోతుంటాడు. చేసిందెవరు, ఎవరి తరఫున చేశారు అన్నవి రెండు వేర్వేరు ఫీల్డులని, రెండోది ఖాళీగా ఉంటే ఏమనుకోవాలో అన్నది ఒక అసలు ఈవెంట్ చూపించి రాయాలి.

"డాక్స్ ఏఐతో రాయించేద్దాం" అంటారు కొందరు. రాయించాను. కోడ్ చదివి "స్టార్ట్ టైమ్: వెతకడం మొదలయ్యే సమయం" అని రాసిచ్చింది. అచ్చం నాలాగే!

అసలు ఇప్పుడు డాక్స్ చదివేది మనుషులు మాత్రమే కాదు. ఎమ్‌సీపీ (ఏఐ మోడళ్లను బయటి టూల్స్‌తో కలిపే ప్రమాణం) లాంటి పద్ధతిలో టూల్ వివరణను మోడలే చదువుకుని టూల్‌ని పిలుస్తుంది. ఖాళీ జవాబు చూసి మేం తడబడ్డట్టే అదీ తడబడుతుంది, కాకపోతే మాకన్నా ధీమాగా చెబుతుంది. అందుకే ఖాళీగా వదలకుండా "ఈ వ్యవధిలో, మీ పర్మిషన్లకు కనిపించే ఈవెంట్లు లేవు" అని టూల్ చేతే చెప్పించాలి. లాగ్స్‌లో ఏజెంట్ ఎక్కడెక్కడో చదివిన పేజీల టెక్స్ట్ కూడా ఉంటుంది. "పాత సూచనలు మర్చిపో" అని అందులో ఎవడో రాసి ఉంటే, మోడల్ దాన్ని తనకిచ్చిన ఆదేశం అనుకుంటే? అది డేటానే, ఆదేశం కాదని వివరణలో రాయండి. అంతమాత్రాన మోడల్ వింటుందని గ్యారంటీ లేదు, ఆ సంగతి కూడా రాయండి.

మా పేజీని తిరగరాశాను. ఇన్‌స్టాలేషన్ కన్నా పైన "ఖాళీ జవాబు వస్తే" అన్న హెడింగ్ పెట్టాను. మొదట్లోనే నెగటివ్‌గా ఉంది, కిందికి జరపమన్నారు. జరపలేదు. ఆ పాత టికెట్‌లో "ఏజెంట్ ఏమీ చేయలేదు" అన్న లైన్ కూడా చెరపలేదు, దాని కింద 14 అప్‌డేట్ల లిస్టు అతికించానంతే.