దాన్ని కంచుకోట అనకండి

జర్మనీలో మాన్‌హైమ్‌లో ఉంటానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "అక్కడ ఏఎఫ్‌డీ గెలిచింది కదా, భయం వెయ్యదా?" ఏఎఫ్‌డీ అంటే వలసలను వ్యతిరేకించే తీవ్ర మితవాద పార్టీ. ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్న మానలేదు. మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో కొత్తగా ఉద్యోగానికి వస్తున్న కుర్రాడు ఇల్లు వెతుక్కుంటున్నానని పెట్టాడు. వెంటనే నలుగురు సలహా ఇచ్చేశారు. షోనావ్, వాల్డ్‌హోఫ్ వైపు పోవద్దట, అదంతా ఏఎఫ్‌డీ ఏరియా అట. ఆ నలుగురూ ఎప్పుడూ అటు వైపు ట్రామ్ కూడా ఎక్కలేదని నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు చరిత్ర. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్ర అసెంబ్లీకి, అంటే లాండ్‌టాగ్‌కి, 70 నియోజకవర్గాలు. వాటిలో మాన్‌హైమ్-1 ఒకటి. నెకర్ నదికి ఉత్తరాన ఉన్న షోనావ్, వాల్డ్‌హోఫ్, జాండ్‌హోఫెన్, కేఫర్టాల్ లాంటి పేటలన్నీ ఇందులోకే వస్తాయి. పక్కా కార్మిక ప్రాంతం. బస్సులు, ట్రక్కు ఇంజన్లు చేసే బెంజ్ ఫ్యాక్టరీ, సెల్యులోజ్ మిల్లు, అద్దాల ఫ్యాక్టరీ, కేఫర్టాల్ టర్బైన్ ఫ్యాక్టరీ... షిఫ్టు సైరన్ చూసుకుని వంట చేసుకున్న ఇళ్ళు ఇవి. ఇక్కడ ఓటంటే ఎస్‌పీడీకే, అంటే సోషల్ డెమొక్రాట్లకే. ఎంతగానంటే, 2006లో 70 సీట్లలో 69 సంప్రదాయవాద పార్టీ సీడీయూ ఎగరేసుకుపోయింది. మిగిలిన ఆ ఒక్క సీటు మాన్‌హైమ్-1. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత పర్యావరణ పార్టీ గ్రీన్స్ గాలి వీచి, వాళ్ళ నాయకుడు క్రెచ్‌మన్ ముఖ్యమంత్రి అయిన ఎన్నికలో కూడా, రాష్ట్రం మొత్తం మీద ఎస్‌పీడీ నేరుగా గెలిచిన సీటు ఇదొక్కటే. స్టెఫాన్ ఫుల్స్ట్-బ్లై అనే ఆయన గెలిచాడు.

తర్వాత 2016. మార్చి 13, ఆదివారం. ఇదే సీటు ఏఎఫ్‌డీ అభ్యర్థి రూడిగర్ క్లోస్ చేతికి పోయింది. రాష్ట్రంలో ఆ పార్టీ నేరుగా గెలిచినవి రెండే, ఇదీ ఫోర్జ్‌హైమూ. "ఎర్రకోట మీద నీలి జెండా" (ఎరుపు ఎస్‌పీడీ రంగు, నీలం ఏఎఫ్‌డీది) అని అందరికీ గుర్తుండిపోయింది. ఎన్ని ఓట్లతో అన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

23 శాతం. అంతే. పోలైన ఓట్లలో నాలుగో వంతు కూడా లేదు. రెండో స్థానంలో ఉన్న ఎస్‌పీడీకి తేడా ఒక్క శాతం కూడా లేదు.

ఆ సాయంత్రం నేను లెక్కింపు చూడ్డానికి వెళ్ళాను. నాకు ఓటు లేదు, కానీ ఇక్కడ లెక్కింపు బహిరంగం. ఎవరైనా వెళ్ళి నిలబడి చూడొచ్చు, పాస్‌పోర్టు ఎవరూ అడగరు. పోలింగ్ స్టేషన్ అంటే ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతి గది. గోడల మీద పిల్లలు రంగులేసిన సీతాకోకచిలుకలు. సరిగ్గా 6 గంటలకు పెట్టె తెరిచి బల్లల మీద కుమ్మరించారు. మా పక్కింటి పెద్దాయన కూడా లెక్కించేవాళ్ళలో ఉన్నాడు. బెంజ్‌లో చేసి రిటైరైనవాడు. ఒక్కో కాగితం మడత విప్పడం, క్రాస్ ఎక్కడుందో చూడడం, పార్టీల వారీగా దొంతర పెట్టడం. పిల్లల బల్లలు కదా, పొట్టిగా ఉంటాయి, వాళ్ళంతా నడుం వంచి చేస్తున్నారు. (ఓటింగ్ మెషీన్లు వాడిన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2009లోనే ఇక్కడి రాజ్యాంగ కోర్టు తేల్చింది. లెక్క మామూలు మనిషి కళ్ళతో చూసి తెలుసుకునేలా ఉండాలట. ఆ గదిలో నిలబడ్డాక ఆ మాట ఎంత నిజమో అర్థమైంది.)

నేను చూస్తున్నది దొంతరల ఎత్తు. ఒకటి ఆకాశానికి లేచి, మిగతావి నేల మీద ఉండడం కాదు. ఎస్‌పీడీ, ఏఎఫ్‌డీ, గ్రీన్స్, సీడీయూ... ఆ గదిలో అన్నీ దాదాపు ఒక ఎత్తుకి వచ్చి ఆగాయి. పక్కింటాయన ఎస్‌పీడీ దొంతరని రెండోసారి లెక్కపెట్టాడు. మూడోసారీ లెక్కపెట్టాడు. తర్వాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కాసేపు అలాగే కూర్చున్నాడు. బయటికొచ్చాక నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అందుకే "అది ఏఎఫ్‌డీ ఏరియా" అన్న మాట వింటే నాకు కోపం. ఆ ఏరియాలో ఓటేసిన ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఆ పార్టీకి వెయ్యలేదు. ఒకవైపే ఉండే ఓటు నాలుగు ముక్కలైంది, కొంచెం పెద్ద ముక్క దొరికినవాడు గెలిచాడు.

ఎందుకు ముక్కలైంది? నా ఉద్దేశంలో మొదటి కారణం ఎస్‌పీడీయే. "కంచుకోట" అన్న మాట అలవాటైతే పార్టీ ఎలా తయారవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. వాళ్ళ ఓటు ఎటూ పోదులే అనుకుంటారు. ఎస్‌పీడీకి చెందిన ష్రోడర్ ప్రభుత్వం 2005 జనవరి నుంచి హార్ట్జ్-4 అనే నిరుద్యోగ సాయం సంస్కరణ అమలు చేసింది. పాతికేళ్ళు ఫ్యాక్టరీలో చేసి ఉద్యోగం పోయినవాడు కూడా, నిరుద్యోగ భృతి గడువు తీరాక, దాచుకున్న డబ్బు ఎంతుందో చూపించి కనీస సాయం కోసం క్యూలో నిలబడాలి. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఇలాంటి పేటలకే. చేసింది వాళ్ళు తాతల కాలం నుంచి ఓటేస్తున్న పార్టీ. పదవీ విరమణ 67 ఏళ్ళకు జరిపిన ప్రభుత్వంలోనూ కార్మిక శాఖ ఎస్‌పీడీదే. పోత పనిలో నలభై ఏళ్ళు చేసిన మనిషి నడుము 67 దాకా ఆగుతుందా?

2016 ఎన్నికకి రెండు నెలల ముందు, జనవరిలో, కేఫర్టాల్ టర్బైన్ ఫ్యాక్టరీలో భారీగా ఉద్యోగాల కోత ప్రకటించారు. అదే సమయంలో అమెరికన్ సైన్యం ఖాళీ చేసిన కేఫర్టాల్ క్వార్టర్లలో వేలమంది శరణార్థులున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించడానికి ఏఎఫ్‌డీకి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది.

ఇంకో కారణం ఓటు పద్ధతి. అప్పట్లో ఇక్కడ ఒక్కటే ఓటు. అభ్యర్థికీ, పార్టీకీ కలిపి ఒకే క్రాస్. క్రెచ్‌మనే ముఖ్యమంత్రిగా ఉండాలి, కానీ మా పేటకి ఈ ఎస్‌పీడీ ఆయనే కావాలి అనుకునేవాడికి దారి లేదు. అలా ఎంతమంది గ్రీన్స్ వైపు వెళ్ళారో నేను లెక్క చెప్పలేను గానీ, రాష్ట్రంలో ఎస్‌పీడీ 23.1 నుంచి 12.7 శాతానికి జారి, గ్రీన్స్ 30.3కి ఎక్కాయి. ఆ సందులోంచి మూడోవాడు దూరాడు. 2022లో చట్టం మార్చి, 2026 ఎన్నిక నుంచి రెండు ఓట్లు ఇచ్చారు, 16 ఏళ్ళకే ఓటు హక్కు కూడా. రెండూ మంచి పనులే.

ఆ పాత పద్ధతిలోనే మనవాళ్ళకు వింతగా అనిపించే ఇంకో సంగతి ఉంది. ఓడిన ఫుల్స్ట్-బ్లై కూడా లాండ్‌టాగ్‌కి వెళ్ళాడు. అప్పట్లో 70 మంది నేరుగా గెలిచేవారు. మిగతా సీట్లు పార్టీలకు వచ్చిన ఓట్ల వాటా ప్రకారం, బాగా ఓట్లు తెచ్చుకుని ఓడినవాళ్ళకు దక్కేవి. పార్టీ ఆఫీసులో తయారైన లిస్టు ఉండేది కాదు, ఎవరి వాటా వాళ్ళు వీధుల్లో తిరిగి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఇది నాకు చాలా నచ్చేది.

ఏఎఫ్‌డీ ఓటర్లంతా పాపం అమాయకులు అని మాత్రం నేను అనను. 1992 ఏప్రిల్‌లో ఈ రాష్ట్రంలో రిపబ్లికానర్ అనే తీవ్ర మితవాద పార్టీకి 10.9 శాతం వచ్చింది. మరుసటి నెల ఇదే షోనావ్‌లో, ఒక తప్పుడు పుకారు పట్టుకుని, శరణార్థులున్న భవనం ముందు రోజుల తరబడి వందలమంది గుమిగూడి దాడికి దిగారు. ఇంకా వెనక్కి వెళితే 1968లో అలాంటిదే ఎన్‌పీడీ అనే పార్టీకి రాష్ట్రంలో 9.8 శాతం. ఆ విషం పాతదే. నేను నల్లగా ఉంటాను, రాత్రి ట్రామ్‌లో కొందరు చూసే చూపు నాకూ తెలుసు. ఆ చూపు సిటీ సెంటర్‌లోనూ ఉంటుంది, డబ్బున్నవాళ్ళ పేటల్లోనూ ఉంటుంది. దాన్ని షోనావ్ ఒక్కదానికే అంటగట్టి మనం చేతులు దులుపుకోవడం అన్యాయం.

2021లో ఏమైందో ఆ వాట్సాప్ పెద్దలకు తెలుసా? అదే మాన్‌హైమ్-1ని గ్రీన్స్ అభ్యర్థి సుజానె ఆష్‌హోఫ్ గెలుచుకుంది. 2011లో ఎస్‌పీడీ, 2016లో ఏఎఫ్‌డీ, 2021లో గ్రీన్స్. మూడు ఎన్నికలు, మూడు పార్టీలు. దీన్ని ఎవరి ఏరియా అంటారు?

నా అసలు బాధ ఇంకోటి. ఈ ఊళ్ళో నలభై శాతం పైన జనం వలస మూలాలున్నవాళ్ళు. అందులో చాలామందికి ఓటే లేదు. యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్ళు కనీసం కార్పొరేషన్ ఎన్నికల్లో వేస్తారు. మనకు అదీ లేదు. విదేశీయులకు స్థానిక ఓటు ఇచ్చిన చట్టాలను 1990లోనే రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. అంటే ఓటు కావాలంటే పౌరసత్వం ఒక్కటే దారి. 2024 జూన్ నుంచి అయిదేళ్ళకే అప్లై చెయ్యొచ్చు. జర్మనీ ఇప్పుడు పాత పాస్‌పోర్టు వదలమనడం లేదు, వదలాల్సిందే అంటున్నది మన దేశం. అది కడుపులో మెలిపెట్టే నిర్ణయం, నేనూ ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. తీసుకోనివాళ్ళను ఒక్క మాట అనను.

కానీ తీసుకున్నవాళ్ళను అడుగుతున్నాను. మీలో చాలామంది బెర్లిన్‌లోని దేశ పార్లమెంటు ఎన్నికలకు ఫొటో పెడతారు, లాండ్‌టాగ్ ఎన్నిక వస్తే "అదేదో లోకల్" అంటారు. మీ పిల్లల బడి సిలబస్, టీచర్ల ఖాళీలు, పోలీసు, అన్నీ తేల్చేది ఆ లోకల్ సభే. 2016లో ఈ సీటు ఒక్క శాతం లోపు తేడాతో చేతులు మారింది. ఓటున్నవాళ్ళు ఓటెయ్యండి. లేనివాళ్ళు ఈసారి నాతో లెక్కింపుకి రండి. సాయంత్రం 6కి అదే బడి, ట్రామ్ దిగితే అయిదు నిమిషాలు. పక్కింటాయన ఈసారి లెక్కించడం లేదు, చూపు తగ్గింది, కానీ చూడ్డానికి వస్తానన్నాడు.