777 ఉండగా భయమేల

డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ని దాని సరంజామాతో విడిగా మూసి నడిపే డబ్బా) "పర్మిషన్ డినైడ్" అని మూలిగిందా? బరంపురంలో దీనికి మందు ఒక్కటే: సీహెచ్‌మాడ్ మైనస్ ఆర్ 777, అంటే ఫోల్డర్ మొత్తం మీద అందరికీ అన్ని హక్కులూ. ఎందుకు మూలిగిందని అడగడం పెద్దల్ని నిలదీసినట్టు. పట్టుచీరల కొట్టు బాకీల ఖాతా, అప్పడాల గోడౌన్ లెక్క, సర్వర్‌లో అడుగుపెట్టిన ప్రతివాడూ చదవొచ్చు, దిద్దొచ్చు, చెరిపేయొచ్చు. ఇంత దానగుణం కర్ణుడికీ లేదు. ఆయన ఇచ్చింది తన కవచకుండలాలే, పక్కవాడి ఖాతాపుస్తకం కాదు.

రోగమేటని అడిగే చాదస్తులు కొందరుంటారు. వాళ్లకోసం గ్రఫానా (లెక్కల్ని గ్రాఫులుగా చూపే ప్రోగ్రామ్) సంగతి. అది కంటైనర్‌లో 472 నంబరు యూజర్‌గా నడుస్తుంది. డాకర్ రన్‌లో మైనస్ వీ (బయటి ఫోల్డర్‌ని కంటైనర్‌కి తగిలించే మాట) పక్కన మీరు రాసిన ఫోల్డర్ హోస్ట్‌లో, అంటే కంటైనర్‌ని మోసే అసలు మెషీన్‌లో, లేకపోతే డాకర్ నోరెత్తకుండా తానే కట్టేస్తుంది, సర్వాధికారి రూట్ పేరున. అద్దెకొచ్చిన 472 చేతికి తాళం రాదు. డేటా ఫోల్డర్‌లో రాయలేనని లాగ్‌లో ఏడ్చి పడిపోతుంది. (మైనస్ వీ బదులు డబుల్ డాష్ మౌంట్ రాస్తే, ఫోల్డర్ లేదని ముందే తిట్టి ఆగుతుంది. తిట్టేవాడు మనకి గిట్టడు కాబట్టి వాడం.)

సిస్టమ్ గుండెకాయ కెర్నల్‌కి యూజర్ల పేర్లు పట్టవు, నంబర్లే. మనం బరంపురం అంటాం, బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, పోస్ట్‌మన్ చూసేది 760001. ఇదీ అంతే. లోపల గ్రఫానా అనిపించుకునే 472కి బయట పేరే ఉండకపోవచ్చు, ఇంకెవడిదో ఉండొచ్చు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఎన్ కొడితే పేర్లు పోయి నంబర్లు కనబడతాయి. 0 (రూట్ నంబరు) ఉంటే యాజమాన్యం మార్చే సుడో సీహెచ్‌ఓన్ మైనస్ ఆర్ 472, పక్కన ఫోల్డర్ పేరు. అర నిమిషం పని. రూట్‌లెస్ డాకర్‌లో (రూట్ హక్కుల్లేకుండా నడిచేది) గుమ్మం దాటేసరికి నంబర్లే మారిపోతాయి. అది వేరే పంచాయితీ.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మరీ పిసినారి. డేటా ఫోల్డర్ 0700 (సొంతదారుకే హక్కు) గానీ 0750 (గుంపుకి చూసే హక్కు మాత్రం) గానీ కాకపోతే లేవనంటుంది. అధికారిక ఇమేజ్ (కంటైనర్ పుట్టే అచ్చు) రూట్‌గా మొదలైతే, మీరు పెట్టిన 777ని లేచీ లేవగానే 700కి దించుకుంటుంది. మన ఔదార్యానికి ఎంత అవమానం!

నేమ్డ్ వాల్యూమ్‌తో (పేరు పెట్టి డాకర్‌కే అప్పగించే నిల్వ) ఈ గొడవ చాలావరకు ఉండదు. ఖాళీదాన్ని తొలిసారి పెట్టినప్పుడు, ఇమేజ్‌లో ఆ చోట ఉన్న ఫైళ్లూ వాటి యాజమాన్యమూ అందులోకి దిగుతాయి. కాకపోతే శుభ్రత మరిగిన కుర్రాడొకడు ఓ సాయంత్రం కంటైనర్లన్నీ దించే డాకర్ కంపోజ్ డౌన్‌కి మైనస్ వీ తగిలించి కొడతాడు. రన్ పక్కన మైనస్ వీ వాల్యూమ్‌ని తగిలిస్తుంది, డౌన్ పక్కన అదే మైనస్ వీ తగలేస్తుంది, ఎక్స్‌టర్నల్ (కంపోజ్‌కి బయటివి) అని రాసుకున్నవి తప్ప. బ్యాకప్ లేని కొట్టు బాకీదారులకి ఆ రాత్రి పండగే.