దొంగ సంతకాల ఎపిగ్రాఫ్ గారికి

మహారాజశ్రీ ఎపిగ్రాఫ్ గారి సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నవల మొదటి పేజీలోనో, అధ్యాయం నెత్తి మీదో, ఇంకెవరో అన్న మాటగా సన్నటి వాలు అక్షరాల్లో, కింద ఒక పెద్దమనిషి పేరు తగిలించుకుని కూర్చుంటారు చూడండీ, ఆ మీ దర్జా గురించే ఈ ఉత్తరం. కథలో మీరు పుల్ల ముక్క అటునుంచి ఇటు పెట్టరు. ఆ పేరు చూసి పాఠకుడు కాస్త సర్దుకుని కూర్చుంటే మీ డ్యూటీ అయిపోయినట్టే. ఆ పేరు కూడా ఎక్కువగా పోయినవాళ్ళదే. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? పైగా చచ్చినవాడు లేచొచ్చి “నేనలా అనలేదురా” అని గొడవ పెట్టుకోడు.

ఈ సదుపాయాన్ని ఫ్రెంచి నవలాకారుడు స్టెండాల్ వాడుకున్నంత హాయిగా ఇంకెవరూ వాడుకోలేదేమో. ఆయన అసలు పేరు ఆన్రీ బేల్, మారుపేర్లు వందకు పైనే, అంటే సంతకం అనే వస్తువు మీద ముందునుంచీ పెద్దగా గౌరవం లేని మనిషి. 1830లో వచ్చిన ఆయన నవల ‘ద రెడ్ అండ్ ద బ్లాక్’ తెరవగానే “సత్యం, కటువైన సత్యం” అని మీరు ప్రత్యక్షం. కింద పేరు దాంతోన్. ఫ్రెంచి విప్లవ నాయకుడు, 1794లోనే గిలెటిన్ కింద తల పోగొట్టుకున్నాడు, ఇక అడిగేదెవరు? దాంతోన్ ఆ మాట అన్నట్టు పండితులకు ఎక్కడా ఆధారం దొరకలేదు. సత్యం గురించిన మాటకే దొంగ సంతకం, ఇంతకంటే మంచి బోణీ ఏముంటుంది చెప్పండి.

మొదటి అధ్యాయంలోనే ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ పేరుతో ఇంగ్లీషులో ఒక పంజరం మాట ఉంటుంది, హాబ్స్ రచనల్లో మాత్రం ఉండదు. ఇంకొంచెం ముందుకెళ్తే “మనిషికి మాట ఇచ్చింది మనసులో ఉన్నది దాచుకోవడానికే” అని మలాగ్రిడా గారు సెలవిస్తారు. ఈయన 1761లో లిస్బన్‌లో ప్రాణం పోగొట్టుకుని మంటల్లో కాలిపోయిన జెసూట్ పాదిరీ. ఆ మాటేమో లోకమంతా తాలేరాఁ అనే ఫ్రెంచి మంత్రిగారి ఖాతాలో వేసేది, ఆయన 1830లో నిక్షేపంగా బతికే ఉన్నాడు. బతికున్న మంత్రి చమత్కారాన్ని తీసుకెళ్ళి కాలిపోయిన పాదిరీ నోట్లో పెట్టడం, అదీ పాదిరీల కపటం మీద రాసిన నవలలో! ఇది మోసమే, కాదనను, కానీ ఇలాంటి మోసం చెయ్యాలంటే చాలా చదివి ఉండాలి.

అన్నీ దొంగవే అనడం లేదు. ఇంగ్లీషు కవి బైరన్ ‘డాన్ జువాన్’ నుంచి తెచ్చిన పంక్తులు అసలువే. కథానాయకుడు జూలియన్, అతను ప్రేమించే మదామ్ ద రెనాల్ తొలిసారి ఎదురుపడే అధ్యాయం మీద “నేనెవరో, ఏం చేస్తున్నానో నాకే తెలియట్లేదు” అనే ‘ఫిగరో’ ఒపెరా పాట పెట్టాడు, అది కూడా అసలుదే. బాణీ కట్టిన మోట్సార్ట్ పేరుతో సంతకం పెట్టారు గానీ ఆ మాటలు రాసింది ద పోంతే. నిజం చెప్పినప్పుడు కూడా మీకు పూర్తిగా చెప్పే అలవాటు లేదు.

ఈ విద్యలో గురువు స్కాట్లండ్ నవలాకారుడు వాల్టర్ స్కాట్. 1816లో తన నవల ‘ది యాంటిక్వరీ’ ప్రూఫులు దిద్దుతూ, కావలసిన పద్యం పక్కనున్న స్నేహితుడికి ఎంతకీ దొరకకపోతే, నువ్వు వెతికేలోపు నేనే రాసిపారేస్తానని రాసేసి, కింద “పాత నాటకం” అని పెట్టాడట. ఏ నాటకం, ఎంత పాత, మీరే చెప్పాలి. స్టెండాల్ 1830 ఫిబ్రవరిలో, మనసు లోపలి కదలికల కంటే బట్టలు వర్ణించడం తేలికని స్కాట్ మీద పత్రికలో విసుర్లు విసిరాడు, అదే సంవత్సరం చివర్లో ఆయన చిట్కానే తన నవల నిండా పరిచాడు. ప్రభావం అంటే ఇదే కదా, తిట్టడానికి వెళ్ళి జేబులో ఏదో వేసుకుని రావడం.

జేబు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇదే మనిషి 1814లో బోంబే అనే మారుపేరుతో సంగీతకర్త హైడెన్ జీవితం అచ్చేశాడు, అందులో సరుకు చాలావరకు కార్పానీ అనే ఇటలీ ఆయనది. కార్పానీ లబోదిబోమంటే, బోంబే గారికి లేని తమ్ముణ్ణి పుట్టించి ఆ తమ్ముడి చేత జవాబు ఇప్పించాడు! అత్తసొమ్ము అల్లుడు దానం అంటారే, వయసులో అలా నడిపించినవాడు నవలాకారుడయ్యాక రివర్స్ గేరు వేసి, తన సొమ్మే అత్తవారి పేరు మీద దానం చేశాడు. “నవలంటే దారి పొడవునా మోసుకుపోయే అద్దం” అనే మాట ‘ద రెడ్ అండ్ ద బ్లాక్’ పదమూడో అధ్యాయం మీద ఉంటుంది, కింద పేరు సాంరెయాల్, పదిహేడో శతాబ్దపు చరిత్రకారుడు. రెండో భాగంలో కథకుడే ఆ అద్దాన్ని మళ్ళీ ఎత్తుకుని, ఆకాశం నీలమూ దారిలో బురదా రెండూ చూపిస్తుంది, మీరేమో అద్దం మోసేవాణ్ణి తిడతారని దెబ్బలాడతాడు, అప్పుడు సాంరెయాల్ ఊసే లేదు. ఇవాళ అందరూ ఆ మాటను స్టెండాల్‌దనే అంటారు. సాంరెయాల్ గారికి ఉత్తపుణ్యానికి వచ్చిన కీర్తి ఉత్తపుణ్యానికే పోయింది. (మన సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ “సాహిత్యం సమాజానికి అద్దం” అంటాడు, ఏ పేరూ పెట్టడు. అది ఇంకో రకం నిజాయితీ.)

స్టెండాల్ దగ్గర మిమ్మల్ని వాడే లెక్క ఒకటుంది. మీరు పాఠకుడి ఉద్వేగాన్ని పెంచాలి తప్ప సందర్భం మీద తత్వం చెప్పకూడదని తన ‘ఆర్మాన్స్’ నవల కాపీ మార్జిన్‌లో ఆయనే రాసుకున్నాడు. అందుకేనేమో, జూలియన్ జైల్లో చావు కోసం ఎదురుచూసే చివరి నాలుగు అధ్యాయాల మీద మీరు లేరు, అధ్యాయాలకు పేర్లు కూడా లేవు. అక్కడ మిమ్మల్ని బయటే కూర్చోబెట్టాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ పేజీల్లోనే.

ఆయన పోయాక మీ వంతు తిరగబడింది. దేవుడికున్న ఒకే ఒక్క సాకు, ఆయన లేకపోవడమే అన్న మాట స్టెండాల్‌దని ఆయన స్నేహితుడు, రచయిత మెరిమే 1850లో ఒక చిన్న పుస్తకంలో చెప్పాడు. నాస్తికుల జోకుల్లో అంత మంచిది నేను వెయ్యాల్సింది, నాకంటే ముందే కొట్టేశాడు అని జర్మన్ తత్వవేత్త నీషే ‘ఎచ్చే హోమో’లో వాపోయాడు. స్టెండాల్ స్వయంగా అచ్చు వేసుకోని మాట మీద ఇంత అసూయ!

చివరిగా ఒక విన్నపం. మన కవితా సంపుటాల మొదటి పేజీల్లో ఈమధ్య మీ రద్దీ బాగా పెరిగింది, లాటిన్ అమెరికా నుంచి, ఫ్రాన్స్ నుంచి దిగుతున్నారు, లోపలి కవితలకు మీతో చుట్టరికం ఉందో లేదో ఎవరూ అడగడం లేదు. రండి, వద్దనను. ఒరిజినల్ దొరక్కపోతే కనీసం మా కవుల చేత మంచి అబద్ధం ఒకటి రాయించండి, కింద ఎవరి పేరైనా పెట్టుకోండి, ఎవరూ చెక్ చెయ్యరు.

ఇట్లు,
తమ విధేయుడు,
హాబ్స్